వియన్నా ఒపేరాకు వెళ్తున్నారా? రాత్రి తిరుగు దారి చూసి బస ఎంచుకోండి

వియన్నాలో ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చాలామంది గదిని పగటి లెక్కతో బుక్ చేస్తారు. మ్యూజియం ఎంత దూరం, స్టేషన్ ఎంత దూరం, పొద్దున టిఫిన్ ఉందా లేదా అని చూస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. రేటు బాగుంది, వివరణలో ‘ఒపేరాకు దగ్గర’ అని ఉంది, అంతే, డబ్బు కట్టేశాను. నవంబరు నెల, అమ్మ నాతో ఉంది. ప్రదర్శన ముగిసి, కౌంటర్‌లో ఇచ్చిన చలికోట్లు తీసుకుని బయటికొచ్చేసరికి పదకొండు కావస్తోంది. మెట్రో ఎక్కి, దిగి, ట్రామ్ కోసం చలిలో నిలబడి, అది దిగాక చీకటి సందులో నడిచి గది చేరేసరికి పన్నెండు దాటింది. అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఆ రాత్రి విన్న పాట గురించి మేమిద్దరం ఒక్క మాటయినా మాట్లాడుకోలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

అందుకే రెండోసారి లెక్క తిరగేశాను. రాత్రి పదిన్నరకు ఒపేరా మెట్ల మీద నిలబడ్డానని అనుకుని, అక్కడినుంచి మంచం దాకా దారి గీసుకున్నాను. ఆ దారి సులువైతేనే గది. మీరు కూడా ఈ వరుసలోనే చేయండి.

1. ముందు టికెట్టు, తర్వాతే గది

మొదట మీ టికెట్టు ఏ థియేటర్‌దో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. వియన్నాలో ఒపేరా ఆడే చోటు ఒక్కటే కాదు. ఫొటోల్లో అందరూ చూసే పెద్ద రాతి భవనం స్టాట్స్ఓపర్. దాని అడ్రసు ఓపెర్న్‌రింగ్ 2. 1869 మే 25న మోజార్ట్ ‘డాన్ జొవాన్ని’తో తెరుచుకుంది. 1945 మార్చిలో బాంబులు పడి చాలా భాగం కాలిపోతే, మళ్ళీ కట్టుకుని 1955 నవంబరు 5న బేతోవెన్ ‘ఫిదేలియో’తో తలుపులు తెరిచారు. ఇది కాక 9వ డిస్ట్రిక్టులో (ఊర్లో ఒక్కో పేటకు ఒక నంబరు ఉంటుంది) ఫోల్క్స్ఓపర్ ఉంది, నాష్‌మార్క్ట్ అనే సంత పక్కన థియేటర్ ఆన్ డెర్ వీన్ ఉంది. ‘ఫిదేలియో’ మొట్టమొదట 1805లో ఆడింది ఈ చివరిదాంట్లోనే. హోటల్ పేరులో ‘ఒపేరా’ అన్న మాట కనిపించగానే అది స్టాట్స్ఓపర్ అనుకోకండి. నేను ఇక్కడ చెప్పేదంతా స్టాట్స్ఓపర్ గురించే.

తర్వాత ముగిసే సమయం చూడండి. మొదలయ్యే సమయం అందరూ చూస్తారు, ముగిసేది ఎవరూ చూడరు. స్టాట్స్ఓపర్‌లో ప్రదర్శనలు మామూలుగా సాయంత్రం 7కో ఏడున్నరకో మొదలవుతాయి. స్ట్రాస్ ‘సలోమీ’ అయితే విరామం లేకుండా గంటా ముప్పావులో అయిపోతుంది. భోజనం చేసి తీరిగ్గా గదికి వెళ్ళొచ్చు. వాగ్నర్ పెద్ద ఒపేరాలు అయిదు గంటలు పట్టేవి ఉన్నాయి, వాటిని సాయంత్రం 4కో 5కో మొదలుపెడతారు. అంటే మధ్యాహ్నం ఊరంతా తిరిగి, గదికొచ్చి స్నానం చేసి బట్టలు మార్చుకునే సమయం ఉండదు, గది నడక దూరంలో ఉంటే తప్ప. ఆలస్యమైతే హాల్లోకి వెంటనే పంపరు, విరామం దాకా బయటే ఆగాల్సి రావచ్చు.

ఎన్ని రాత్రులు ఒపేరా చూస్తారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. స్టాట్స్ఓపర్‌లో దాదాపు రోజుకో ఒపేరా మారుతుంది. ఒక్క సాయంత్రమే అయితే రెండు మెట్రో స్టాపుల దూరం బరువేమీ కాదు. మూడు రోజుల్లో మూడు చూసేటట్టయితే నడక దూరానికి కొంచెం ఎక్కువ పెట్టినా దండగ కాదు.

2. ఏ తేదీల్లో జాగ్రత్తగా ఉండాలి

జులై, ఆగస్టుల్లో స్టాట్స్ఓపర్‌లో ప్రదర్శనలు ఉండవు. సీజన్ సెప్టెంబరు నుంచి జూన్ దాకా. పిల్లల వేసవి సెలవులు చూసుకుని జులైలో వెళ్ళి, ఒపేరా పక్కనే ఖరీదైన గది తీసుకుని, మూసిన తలుపులు చూసి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

ఫిబ్రవరి ప్రాంతంలో ఒపేరా బాల్ అనే నాట్య వేడుక జరుగుతుంది. క్రైస్తవుల బూడిద బుధవారానికి ముందు వచ్చే గురువారం అది. హాల్లో కుర్చీలన్నీ తీసేసి, నేలను స్టేజీతో సమానం చేసి నాట్యానికి సిద్ధం చేస్తారు. ఆ పనికోసం ఆ వారంలో కొన్ని రోజులు ప్రదర్శనలే ఉండవు, ఆ చుట్టుపక్కల గదుల రేట్లు మాత్రం ఆకాశానికి వెళ్తాయి. బాల్‌కు వెళ్ళేవాళ్ళు కాకపోతే ఆ వారం వదిలేయండి.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కూడా అంతే. డిసెంబరు 31న ఒపేరాలో ‘ఫ్లెడర్‌మౌస్’ ఆడటం, జనవరి 1న పక్కనే ఉన్న మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కచేరీ జరగడం ఆ ఊరి ఆచారం. బొంబాయి నుంచి 1954లో సంగీతం చదవడానికి వియన్నా వచ్చిన జుబిన్ మెహతా ఆ జనవరి కచేరీని అయిదుసార్లు నడిపించారు. ఆ వీధుల్లో నడిచేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తుకొచ్చి గర్వంగా ఉంటుంది.

వసంతంలో పెద్ద వైద్య, విజ్ఞాన సదస్సులు వియన్నాలో జరుగుతాయి. మార్చి చుట్టుపక్కల రేడియాలజీ వాళ్ళది, ఏప్రిల్ చుట్టుపక్కల భూవిజ్ఞానం వాళ్ళది. అప్పుడు మెట్రో లైన్ల పక్కన గదులు ముందే నిండిపోతాయి. ఏప్రిల్‌లో మారథాన్ ఆదివారం రింగ్ రోడ్డు (పాత ఊరి చుట్టూ, ఒపేరా ముందునుంచి వెళ్ళే పెద్ద వీధి) మీద ట్రామ్‌లు కొంతసేపు ఆగిపోతాయి, ఆ పొద్దున సూట్‌కేసులతో బయల్దేరేవాళ్ళు మెట్రో నమ్ముకోండి.

3. పిన్‌కోడ్ చదవడం నేర్చుకోండి

ఇది చిన్న పని, చాలా కాలం ఉపయోగపడుతుంది. వియన్నా పిన్‌కోడ్‌కు నాలుగు అంకెలు. మధ్య రెండు అంకెలే డిస్ట్రిక్టు నంబరు. 1010 అంటే 1వ డిస్ట్రిక్టు, ఒపేరా ఉన్నది అందులోనే. 1040 అంటే 4, 1060 అంటే 6, 1100 అంటే 10. ఊర్లో మొత్తం 23 డిస్ట్రిక్టులు. వీధి పేరు పలక మీద కూడా పేరుకు ముందు డిస్ట్రిక్టు నంబరు రాసి ఉంటుంది కాబట్టి దారి తప్పినా ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

అయితే 1010 అని చూసి మురిసిపోకండి. 1వ డిస్ట్రిక్టులోనే ఉత్తరాన కాలువ పక్కన గది ఉంటే ఒపేరాకు ఇరవై నిమిషాలకు పైగా నడవాలి. 1040లో కార్ల్స్‌ప్లాట్స్ అనే కూడలి పక్కన గది ఉంటే ఏడెనిమిది నిమిషాలు. దగ్గరితనం అడ్రసు గొప్పదనంతో రాదు, కొలిచి చూస్తేనే తెలుస్తుంది. మ్యాప్‌లో గది నుంచి ‘ఓపెర్న్‌రింగ్ 2’కు నడక దారి పెట్టి చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్‌కు రెండు నిమిషాలు’ అని హోటల్ వాళ్ళు రాస్తారు. ఆ స్టేషన్ చాలా పెద్దది, ఒక చివరి నుంచి ఇంకో చివరికి భూగర్భ దారిలో నడవడానికే అయిదు నిమిషాలు పడుతుంది. కాబట్టి స్టేషన్ దాకా కాదు, ఒపేరా తలుపు దాకా కొలవండి.

4. ఇప్పుడు ప్రాంతం ఎంచుకోండి

ఒపేరాకు ఆనుకుని ఉన్నవి ఖరీదైనవి. వెనకాలే హోటల్ సాహెర్, 1876 నుంచి ఉంది, చాక్లెట్ కేకుతో ప్రపంచమంతా తెలిసిన పేరు. రింగ్ రోడ్డు మీద ఎదురుగా బ్రిస్టల్. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇంపీరియల్, ఒక డ్యూకు గారి భవంతిని 1873లో హోటల్ చేశారు, 1875లో తన ఒపేరాలు ఆడించడానికి వచ్చిన వాగ్నర్ కుటుంబంతో అక్కడే దిగాడు. పెళ్ళి రోజుకో, అమ్మానాన్నల షష్టిపూర్తికో ఒక్క రాత్రి అలాంటి చోట ఉండగలిగితే ఉండండి, తప్పు లేదు. డబ్బు అందుబాటులో లేకపోతే బాధపడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ వీధుల్లో నడవడానికి ఎవరూ డబ్బు అడగరు.

ఇంత దగ్గరలోనే ఒక మాదిరి ధరలో దొరికేవీ ఉన్నాయి. ఒపేరాకు నైరుతిగా ఎలిజబెత్‌స్ట్రాసె, నిబెలుంగెన్‌గాసె వైపు చూడండి. ఎలిజబెత్‌స్ట్రాసెలో మోటెల్ వన్ ఉంది, నడిస్తే నాలుగైదు నిమిషాలు. ఇలాంటి చోట గదులు చిన్నవి, పెద్ద సూట్‌కేసులు రెండు విప్పితే కాలు పెట్టడానికి చోటుండదు. ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్ళేవాళ్ళకు మాత్రం సరిగ్గా సరిపోతాయి. పాత భవనాల్లో ఒకటో రెండో అంతస్తులో నడిచే పెన్షన్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటాయి. పెన్షన్ అంటే ఇక్కడ చిన్న లాడ్జి, కుటుంబాలు నడుపుకునేవి. శుభ్రంగా ఉంటాయి.

నన్ను అడిగితే మాత్రం 4వ డిస్ట్రిక్టు, వీడెన్. కార్ల్స్‌కిర్షె అనే పచ్చ గుమ్మటం చర్చి, టెక్నికల్ యూనివర్సిటీ, వాటి వెనక వీడ్నర్ హౌప్ట్‌స్ట్రాసె, మార్గరేటెన్‌స్ట్రాసె వీధులు. ఒపేరా నుంచి భూగర్భ దారిలో దిగితే రింగ్ దాటే పని లేదు, అవతల పార్కులో తేలతారు. అక్కడినుంచి పది, పన్నెండు నిమిషాల్లో గది. విద్యార్థులు తిరిగే చోటు కాబట్టి రాత్రి పదకొండుకు కూడా మనుషులు కనిపిస్తారు, తినడానికి మామూలు ధరల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. నాష్‌మార్క్ట్ సంత అయిదు నిమిషాల్లో ఉంటుంది. రెండోసారి అమ్మా నేనూ ఇక్కడే ఉన్నాం. తిరిగొచ్చే దారిలో చర్చి ముందు నీళ్ళ కొలను పక్కన బెంచీ మీద కూర్చుని, అమ్మ ఆ రోజు విన్న పాట ఒకటి సన్నగా కూనిరాగం తీసింది.

6వ డిస్ట్రిక్టులో తూర్పు చివర, గుంపెన్‌డార్ఫర్‌స్ట్రాసె మొదట్లో, గదులు బాగుంటాయి, కానీ అక్కడినుంచి మరియాహిల్ఫ్ వైపు నేల ఎత్తుకు వెళ్తుంది, కొన్ని సందుల్లో మెట్లు వస్తాయి. మ్యాప్‌లో ఎత్తు కనిపించదు. పెద్దవాళ్ళు ఉంటే ఇది గుర్తుంచుకోండి.

నడక కాకపోయినా పర్వాలేదు అనుకుంటే హౌప్ట్‌బాన్‌హోఫ్, అంటే పెద్ద రైల్వే స్టేషన్ చుట్టుపక్కల చూడండి. ఇక్కడినుంచి ఒపేరాకు యూ1 మెట్రోలో రెండే స్టాపులు, మధ్యలో టౌబ్‌స్టుమ్మెన్‌గాసె ఒక్కటే. జర్మనీలో చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు మ్యూనిక్ నుంచి నాలుగు గంటల రైల్లో శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్ళిపోతుంటారు. వాళ్ళకు ఇంతకంటే సులువు లేదు. విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చే రైలు కూడా ఇక్కడే ఆగుతుంది. ఆధునిక హోటళ్ళు, పెద్ద లిఫ్టులు, ఏసీ, అన్నీ ఉంటాయి. ఊరి అందం మాత్రం కిటికీలోంచి కనిపించదు.

3వ డిస్ట్రిక్టులో వీన్ మిట్టె స్టేషన్ దగ్గర కూడా ఇలాంటి సౌకర్యమే, యూ4లో రెండు స్టాపులు. వెస్ట్‌బాన్‌హోఫ్ దగ్గర గదులు చౌకగా దొరుకుతాయి కానీ ఒపేరాకు నేరు మెట్రో లేదు, ఒకచోట మారాలి. ఒక్కసారి మారడమే కదా అనిపిస్తుంది, రాత్రి పదకొండుకు అది ఒక పనే.

5. తిరుగు దారిని గడియారంతో సరిచూడండి

ఒపేరా కింద కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్‌లో యూ1, యూ2, యూ4 మూడు లైన్లు కలుస్తాయి. పైన ‘ఓపర్, కార్ల్స్‌ప్లాట్స్’ స్టాపులో 1, 2, 71, డి, 62 ట్రామ్‌లు ఆగుతాయి. మెట్రో స్టేషన్లకు లిఫ్టులు ఉన్నాయి. శుక్ర, శని రాత్రులు, సెలవు రోజుల ముందు రాత్రులు మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది, 2010 నుంచి ఈ ఏర్పాటు ఉంది. మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆగిపోతుంది, తర్వాత నైట్ బస్సులే దిక్కు. మామూలు ఒపేరా ముగిసేసరికి మెట్రో ఇంకా ఉంటుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. కానీ ముగిశాక ఎక్కడైనా కూర్చుని తినాలనుకుంటే ఆ లెక్క వేసుకోవాలి.

బుక్ చేసే ముందు ఇలా చేయండి. మ్యాప్‌లో బయల్దేరే చోటు ఓపెర్న్‌రింగ్ 2, చేరే చోటు మీ గది. సమయం మీరు ఒపేరా చూడబోయే రోజునే, ప్రదర్శన ముగిశాక ఇరవై నిమిషాలకు పెట్టండి. ఆ ఇరవై నిమిషాలు కోట్ల కౌంటర్‌కు. చలికాలంలో కోట్లు, పెద్ద బ్యాగులు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, గార్డెరోబె అనే కౌంటర్‌లో ఇవ్వాలి, చివర్లో అందరూ ఒకేసారి అక్కడికే వస్తారు. దారి ఒక్క బండితో అయిపోతే, దిగాక నడక అయిదారు నిమిషాల్లో ఉంటే మంచి గది. రెండు బండ్లు మారాలంటే ఇంకోటి వెతకండి. చివరి నడక వీధిని మ్యాప్‌లోని వీధి ఫొటోల్లో తిప్పి చూడండి, దీపాలు, దుకాణాలు, ఫుట్‌పాత్ ఎలా ఉన్నాయో. మంచు పడే నెలల్లో చీర కట్టుకునో, మడమ ఎత్తు చెప్పులు వేసుకునో నడవాల్సిన దారి అది.

6. గది వివరాల్లో మనవాళ్ళు పొరబడే చోట్లు

అన్నిటికంటే ముఖ్యం అంతస్తుల లెక్క. వియన్నా పాత భవనాల్లో కింది అంతస్తు తర్వాత ‘హోఖ్‌పార్టెర్’ అని ఒకటి, ‘మెట్సానిన్’ అని ఇంకొకటి ఉండొచ్చు, ఆ తర్వాతే ఒకటో అంతస్తు మొదలవుతుంది. అంటే కాగితం మీద ‘రెండో అంతస్తు’ అని ఉన్నది నిజానికి నాలుగు అంతస్తుల మెట్లు కావచ్చు. పైగా పైకప్పులు ఎత్తు, ఒక్కో అంతస్తుకు మెట్లూ ఎక్కువే. లిఫ్ట్ ఉందా అని మాత్రమే అడగకండి. లిఫ్ట్ వీధి తలుపు దగ్గరనుంచే మొదలవుతుందా, దానికి ముందు ఎన్ని మెట్లు ఎక్కాలి అని అడగండి. కొన్ని భవనాల్లో లిఫ్టును తర్వాతెప్పుడో పెట్టారు, పది మెట్లు ఎక్కాకే అది వస్తుంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న మరిచిపోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

అడ్రసులో ‘12/2/15’ లాంటివి కనిపిస్తే ఇంటి నంబరు 12, రెండో మెట్ల దారి, 15వ తలుపు అని అర్థం.

తర్వాత చప్పుడు. రింగ్ రోడ్డు వైపు గది అంటే చూడ్డానికి అందం, కానీ పొద్దున అయిదు నుంచి ట్రామ్‌లు. రాత్రి ఆలస్యంగా పడుకుంటారు కాబట్టి పొద్దున నిద్ర కావాలి. బుక్ చేసేటప్పుడే ‘హోఫ్‌సైటిగ్’ గది కావాలని రాయండి, లోపలి పెరడు వైపు గది అని దాని అర్థం. ఆ ఒక్క మాట వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. చాలాసార్లు ధర కూడా తక్కువ.

మే చివర, జూన్, సెప్టెంబరుల్లో ఏసీ సంగతి చూడండి. పాత భవనాల్లో చాలాచోట్ల ఉండదు, యూరప్ కదా చల్లగానే ఉంటుందని అనుకుంటాం, జూన్ ఎండ గట్టిగానే కొడుతుంది. డబుల్ బెడ్ అంటే ఇక్కడ తరచుగా రెండు పరుపులు ఆనించి, ఇద్దరికీ వేరు వేరు దుప్పట్లు వేస్తారు, కంగారు పడకండి. తాగేనీళ్ళకు బాటిళ్ళు కొనక్కర్లేదు. ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు 1873 నుంచి గొట్టాల్లో ఈ ఊరికి వస్తున్నాయి, కుళాయి తిప్పి గ్లాసు పట్టుకోవడమే.

7. హోటలా, వంటగది ఉన్న ఫ్లాటా

నలుగురు కుటుంబం, అన్నం లేకపోతే పిల్లలకు గడవదు అంటే వంటగది ఉన్న ఫ్లాటు మంచిది. ముందుగా ఒక సంగతి. 2024 జులై నుంచి వియన్నాలో మామూలు ఇళ్ళను పర్యాటకులకు ఏడాదికి 90 రోజులకు మించి అద్దెకు ఇవ్వాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. కాబట్టి ఏదో ఒక ఫ్లాటు వింతగా చౌకగా కనిపిస్తే, పాత రివ్యూలే ఉంటే, హోటల్ లైసెన్సుతో నడిచే అపార్ట్‌మెంట్లను చూడటం నయం. ఆఖరి నిమిషంలో రద్దయితే ఊరు కాని ఊరిలో రాత్రి గది వెతకడం ఎవరివల్లా కాదు.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఇళ్ళల్లో నిశ్శబ్దం పాటించాలి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయండి, పొగ పసిగట్టే యంత్రం పైనే ఉంటుంది. బియ్యం, పప్పు, కారం కావాలంటే 7వ డిస్ట్రిక్టు వింబెర్గర్‌గాసెలో ప్రోసి అనే దుకాణం ఉంది, మన సరుకులు దొరుకుతాయి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. హౌప్ట్‌బాన్‌హోఫ్ లాంటి పెద్ద స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లు మాత్రం తెరిచే ఉంటాయి, ఆ స్టేషన్ దగ్గర ఉండటంలో ఇదొక లాభం.

హోటల్లోనే ఉండేవాళ్ళు రాత్రి తిండి గురించి ముందే ఆలోచించుకోవాలి. చాలా వంటశాలలు పదింటికే కట్టేస్తాయి. ఒపేరా వెనక, ఆల్బెర్టినా మ్యూజియం పక్కన సాసేజ్ బండి ఒకటి బాగా పొద్దుపోయేదాకా ఉంటుంది, గౌన్లు, సూట్లు వేసుకున్నవాళ్ళు కూడా దాని చుట్టూ నిలబడి తింటుంటారు. శాకాహారులకు ఒక హెచ్చరిక: అక్కడ ‘కేజెక్రైనర్’ అని ఉంటుంది, ‘కేజె’ అంటే చీజ్. కానీ అది చీజ్ కలిపిన మాంసం సాసేజే. పేరు చూసి తినేయకండి. మాంసం ముట్టనివాళ్ళు ప్రదర్శనకు ముందే, అంటే సాయంత్రం అయిదున్నరకే నాష్‌మార్క్ట్ వైపు ఫలాఫెల్ లాంటిది తిని, రాత్రికి గదిలో పండ్లు, రొట్టె, పెరుగు ఉంచుకోవడం మంచిది. అందుకే గదిలో చిన్న ఫ్రిజ్ ఉందో లేదో చూడమంటాను.

8. నిలబడి చూసేవాళ్ళకు దగ్గర గది ఇంకా అవసరం

స్టాట్స్ఓపర్‌లో వందల మంది నిలబడి చూసే చోటు ఉంది. ధర సీటుతో పోలిస్తే చాలా తక్కువ, టికెట్లు ప్రదర్శన రోజునే అమ్ముతారు. ముందున్న రెయిలింగ్‌కు స్కార్ఫ్ కట్టేసి వస్తే ఆ చోటు మీది, ఎవరూ తీయరు. ఎన్నో ఏళ్ళుగా ఆ నియమం అలా సాగుతోంది. విద్యార్థులు, ముసలివాళ్ళు, సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళు అందరూ అక్కడే ఉంటారు. నాకు ఆ భవనమంతటిలో అదే ఎక్కువ ఇష్టమైన చోటు.

ఇలా చూడాలనుకుంటే గదికి పెట్టే డబ్బు లెక్క మారుతుంది. టికెట్టులో మిగిలింది దగ్గరి గదికి పెట్టండి. మూడు గంటలు నిలబడ్డ కాళ్ళకు పది నిమిషాల దారి కూడా ఎక్కువే. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి రావడానికీ వీలవుతుంది.

టికెట్లే దొరకకపోయినా దగ్గర గది వృథా కాదు. ఏప్రిల్, మే, జూన్, సెప్టెంబరుల్లో చాలా సాయంత్రాలు లోపల జరిగే ప్రదర్శనను కేర్ంట్నర్‌స్ట్రాసె వైపు గోడ మీద పెద్ద తెరపై ఉచితంగా చూపిస్తారు. చలేస్తే గదికి వెళ్ళి శాలువా తెచ్చుకోవచ్చు.

ఆ చుట్టుపక్కల పాతకాలపు విగ్గు, ఎర్రకోటు వేసుకుని టికెట్లు అమ్మేవాళ్ళు మిమ్మల్ని పలకరిస్తారు. వాళ్ళు అమ్మేది స్టాట్స్ఓపర్ ఒపేరా కాదు, పర్యాటకుల కోసం పెట్టే కచేరీలు. ఒపేరా టికెట్టు ఒపేరా వాళ్ళ దగ్గరే కొనండి.

9. డబ్బు కట్టే ముందు, కట్టాక

వీసా కాగితాల్లో బస వివరాలు అడుగుతారు కాబట్టి వీసా చేతికి వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే బుకింగే తీసుకోండి, వంద యూరోలు తగ్గుతుందని రద్దు లేనిది తీసుకోవద్దు. ఊరి పన్ను ‘ఓర్ట్స్‌టాక్సె’ అని బిల్లులో విడిగా వేస్తారు, చూపించిన ధరలో అది కలిసిందో లేదో చూడండి. గదిలో దిగేటప్పుడు పాస్‌పోర్టులు చూసి పేర్లు రాసుకుంటారు, అది అక్కడి చట్టం.

దిగిన రోజే, పగటివేళ, గది నుంచి ఒపేరా దాకా ఒకసారి నడిచి రండి. కార్ల్స్‌ప్లాట్స్ భూగర్భ దారిలో మీ వైపు తేలే మెట్లు ఏవో గుర్తు పెట్టుకోండి. పగలు వందమందితో పాటు నడిచిపోతాం, రాత్రి ఆ దారిలో బోర్డులు చదువుకుంటూ ఆగిపోతాం.

చిన్న పెన్షన్లలో, ఫ్లాట్లలో రిసెప్షన్ సాయంత్రమే మూసేస్తారు. వీధి తలుపు రాత్రి తాళం వేసి ఉంటుంది, దానికి వేరే తాళంచెవి, మీ అంతస్తుకు ఇంకోటి, గదికి మరొకటి ఇస్తారు. మూడూ తీసుకుని, ఏది ఎక్కడిదో వాళ్ళ ముందే ఒకసారి తిప్పి చూడండి. ఒపేరాకు వెళ్ళేటప్పుడు వాటిని కోటు జేబులో పెట్టి కౌంటర్‌లో ఇచ్చేయకండి, చేతిసంచిలో మీ దగ్గరే ఉంచుకోండి.